తెర గెలిపిస్తుందా, ధర గెలిపిస్తుందా?

మొబైల్ ఫోన్ల వ్యాపారంలో ఒక కంపెనీ మరో కంపెనీని దేనితో ఓడిస్తుందని అడిగితే ధర, మన్నిక, పంపిణీ అనే మూడు జవాబులు ముందుగా వస్తాయి. గత రెండు దశాబ్దాల అనుభవం వీటి పక్కన నాలుగోదాన్ని నిలబెట్టింది. అది ఇంటర్‌ఫేస్, అంటే మనిషి యంత్రానికి తన పని చెప్పడానికీ, యంత్రం మనిషికి బదులివ్వడానికీ ఏర్పాటైన మీటలు, తెర, బొమ్మలు, చప్పుళ్లు, మాటలు అన్నీ కలిసిన వ్యవస్థ. ఈ వ్యవస్థలో కొత్త పుంతలు తొక్కినవారే మార్కెట్టును ఏలతారని ఒక పక్షం వాదిస్తుంది. అది నగరాలలో చెల్లుబాటయ్యే మాట మాత్రమేనని, ఫోను అమ్ముడుపోవడానికి అసలు కారణాలు వేరని మరో పక్షం వాదిస్తుంది.

ఈ వివాదాన్ని పరీక్షించి చూడడానికి తూర్పు కనుమల మన్యం తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు ప్రాంతాలలో కువి, కొండ, గదబ, పోర్జ భాషలు ఇళ్లలో వినిపిస్తాయి. వేర్వేరు తెగలవారు సంతలో కలిసినప్పుడు ఆదివాసీ ఒడియా ఉమ్మడి భాషగా నడుస్తుంది. బడిలోనూ కార్యాలయంలోనూ తెలుగు ఉంటుంది. ఫోను వచ్చే పెట్టె మీద ఇంగ్లిషు ఉంటుంది. అక్షరం రాని పెద్దలూ, చదువుకున్న మొదటి తరం పిల్లలూ ఒకే ఇంట్లో ఒకే ఫోనును పంచుకునే ఇటువంటి చోట తెర పని ఎంతో, ధర పని ఎంతో విడివిడిగా కనబడుతుంది. కింది సంవాదంలో అరకు లోయలో ఫోన్ల దుకాణం నడిపే డీలరు మొదటి పక్షానికీ, కళాశాలలో అర్థశాస్త్రం బోధించే మాస్టారు రెండో పక్షానికీ ప్రతినిధులు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వారు ఉదాహరించిన సంగతులు మాత్రం కల్పితాలు కావు.

డీలరు: మాస్టారూ, ఈ వాదానికి 2007 సంవత్సరం ఒక్కటే చాలండి. ఆ ఏడాది మార్చిలో నోకియా కంపెనీ ఎన్95 అనే ఫోనును మార్కెట్టులోకి దించింది. దానిలో 5 మెగాపిక్సెళ్ల కెమెరా, దారి చూపే జీపీఎస్, వేగంగా ఇంటర్నెట్టును అందుకునే 3జీ, అన్నీ ఉన్నాయి. అదే ఏడాది జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి ఐఫోనులో 3జీ లేదు, జీపీఎస్ లేదు, కెమెరా 2 మెగాపిక్సెళ్లే. బయటివారు తయారుచేసిన యాప్‌లను ఎక్కించుకునే దుకాణం 2008 జులైలో గాని రాలేదు. ఒక చోట ఉన్న మాటను కాపీ చేసి మరో చోట అతికించే సౌకర్యం 2009 దాకా లేదు. సరుకు జాబితా రాసి పక్కపక్కన పెడితే నోకియాదే పైచేయి. అయినా వేలితో నేరుగా తెరను తాకి, జరిపి, రెండు వేళ్లతో బొమ్మను సాగదీసే పద్ధతి లోకానికి నచ్చింది. అప్పటికి ప్రపంచంలో అమ్ముడవుతున్న ఫోన్లలో మూడో వంతుకు పైగా తనవే అయిన నోకియా, 2013 సెప్టెంబరు నాటికి తన ఫోన్ల విభాగాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్లు ప్రకటించవలసి వచ్చింది. ధరలోనూ సరుకులోనూ గెలుస్తున్నవాడు తెర దగ్గర ఓడిపోయాడంటే, పోటీని నడిపింది ఏమిటో వేరే చెప్పాలా?

మాస్టారు: షావుకారుగారూ, ఆ కథ నిజమే కాని అది ఈ కొండలు ఎక్కలేదు. 2008 ఆగస్టులో ఐఫోను భారతదేశానికి వచ్చినప్పుడు 8 జీబీ ఫోను ధర 31,000 రూపాయలు. కాఫీ, మిరియాలు, పసుపు అమ్ముకుని బతికే కుటుంబానికి ఆ ధరలో తెర ఎంత నున్నగా జరిగినా ఒరిగేది ఏమీ లేదు. ఆ రోజులలో ఇటువంటి ప్రాంతాలలో చెలామణి అయినవి నోకియా 1100 వంటి బటన్ ఫోన్లు. 2003లో వచ్చిన ఆ ఫోనుకు దుమ్ము దూరని మీటలు, చెమట చేతిలో జారని వెనుక భాగం, కరెంటు లేని రాత్రికి పనికివచ్చే టార్చి లైటు ఉండేవి. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ ఫోనులో ఇంటర్నెట్టూ లేదు, రంగుల తెరా లేదు. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, కొనేవారి సంచిలో ఎంత ఉందో అంతవరకే ఎంపిక. దానికి తోడు, వానకాలం తడివేళ్లకు ఈ కొత్త తెరలు సరిగా పలకవు. ఎందుకంటే చర్మంలోని విద్యుత్ ప్రభావాన్ని పసిగట్టి పనిచేసే కెపాసిటివ్ తెర, నీటి బొట్టును కూడా వేలుగానే పొరబడుతుంది. నెలల తరబడి ముసురు పట్టే చోట మీట నొక్కే ఫోనే నమ్మకమైనది.

డీలరు: తమరు ఎత్తిచూపిన టార్చి లైటే ఈ వాదానికి బలం చేకూరుస్తుందండి. ఇంటర్‌ఫేస్ అంటే అద్దపు తెర ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఒక మీటను నొక్కిపట్టి ఉంచితే వెలుగు రావడం, దానికోసం ఏ జాబితాలోకీ దిగి వెతకనక్కర లేకపోవడం, ఆ ఫోను రూపకర్తలు చీకటిలో నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఇంటర్‌ఫేస్ ఆవిష్కరణే. బటన్ ఫోన్లలో మిగిలిన పనులన్నీ మెనూలో దాగి ఉండేవి. మెనూ అంటే ఒక జాబితా లోపల మరో జాబితా, దాని లోపల ఇంకో జాబితాగా అమర్చిన పనుల పట్టిక. దానిలో తిరగాలంటే చదవడం రావాలి, పైగా ప్రస్తుతం ఎన్నో మెట్టు మీద ఉన్నామో గుర్తుండాలి. మైక్రోసాఫ్ట్ సంస్థ బెంగళూరు పరిశోధనశాలలో ఇంద్రాణి మేధి, కెంటారో టొయామా తదితరులు 2006 ప్రాంతం నుంచి చేసిన అధ్యయనాలు తేల్చింది ఇదే: చదువు రానివారికి అక్షరమే కాదు, ఇలా అంచెలంచెలుగా దిగే జాబితా కూడా అడ్డంకి, బొమ్మనూ మాటనూ కలిపి పైకి తెచ్చిపెడితే వారు పని సాధించుకోగలరు. టచ్ ఫోను చేసింది కూడా అదే, కెమెరా కావాలంటే కెమెరా బొమ్మను తాకడమే. చదవలేని అమ్మ మనవడి వీడియోను వెతికి పట్టుకోగలిగింది ఆ బొమ్మల వల్లనే గాని ధర తగ్గినందువల్ల కాదు.

మాస్టారు: బొమ్మల తెర ఆమె చేతికి ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఆండ్రాయిడ్ అనే నిర్వహణ వ్యవస్థను, అంటే ఫోనులోని భాగాలన్నిటినీ నడిపే మూల సాఫ్ట్‌వేరును, గూగుల్ ఫోన్ల తయారీదారులకు లైసెన్సు రుసుము లేకుండా ఇచ్చింది. తైవాన్‌కు చెందిన మీడియాటెక్, చిప్‌తో పాటు ఫోను నమూనాను కూడా సిద్ధం చేసి అందించింది. మైక్రోమాక్స్, కార్బన్, లావా వంటి కంపెనీలు ఆ రెంటినీ కలిపి ధరను నేలకు దించాయి. ఆ తరవాత 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి మొదటి నెలలు డేటాను ఉచితంగా పంచడంతో ఇంటర్నెట్టు ధర పడిపోయింది. మరుసటి ఏడాది అదే సంస్థ 1,500 రూపాయల తిరిగివచ్చే డిపాజిట్టు మీద ఇచ్చిన జియోఫోను టచ్ ఫోను కాదు, బటన్ ఫోనే. ఇక్కడ మరో సంగతి ఉంది. సిగ్నల్ లేని గూడెంలో ఏ తెరైనా ఒకటే. మొబైల్ సేవలు అందని 24,680 గ్రామాలకు 4జీ చేర్చడానికి కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది 2022 జులైలో మాత్రమే. రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాలకు 100 కొత్త 4జీ టవర్లు ఒకేసారి ప్రారంభమైనది 2023 జూన్‌లో, వాటిలో అత్యధికం ఈ జిల్లాలోనివే. టవరు పడిన కొండ మీద ఫోన్లు అమ్ముడవుతాయి, పడని కొండ మీద అమ్ముడవవు. తెర గొప్పదే అయితే పామ్ కంపెనీ గతి ఏమైంది? 2009లో వెబ్‌ఓఎస్ పేరిట, తెరిచి ఉన్న పనులను పేకముక్కల మాదిరి పక్కపక్కన పరిచి, అక్కర లేనిదాన్ని వేలితో పైకి విసిరేసే చక్కని పద్ధతిని తెచ్చింది. రెండేళ్లు దాటాయో లేదో, 2011లో, దాన్ని కొనుక్కున్న హెచ్‌పీ ఆ ఫోన్ల తయారీనే ఆపేసింది. 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ ఫోను కదిలే పలకలు ఎంతో కొత్తవి. యాప్‌లు లేక అదీ మూలపడింది.

డీలరు: కంపెనీలు పోయాయి గాని వాటి ఆలోచనలు పోలేదండి. పామ్ పరిచిన ఆ ముక్కలే 2017లో ఐఫోను ఎక్స్‌లో వేలిని కింది నుంచి పైకి జరిపితే కనిపించాయి, ఆండ్రాయిడ్‌లోనూ చేరాయి. తెర పైఅంచును కిందికి లాగితే వచ్చిన సందేశాలన్నీ ఒక చోట కనబడే పద్ధతి మొదట ఆండ్రాయిడ్‌ది. 2011లో ఐఫోను దాన్ని అందిపుచ్చుకుంది. పోటీ అంటే ఒకడు గెలిచి మిగిలినవారు ఓడడమే అనుకుంటే పామ్ ఓడింది. ఒకడు మంచి పద్ధతి కనిపెడితే మిగిలినవారంతా చచ్చినట్లు ఆ స్థాయికి రావలసి రావడమే పోటీ అనుకుంటే పామ్ ఆవిష్కరణ నేటికీ పోటీని నడుపుతోంది. ఇంకో నిదర్శనం షావోమీ. ఆ కంపెనీ 2010 ఆగస్టులో మొదట విడుదల చేసింది ఫోను కాదు, ఇతర కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కించుకునే ఎంఐయూఐ అనే ఇంటర్‌ఫేస్. వాడేవారి ఫిర్యాదులు విని వారం వారం దాన్ని దిద్దుతూ అభిమానులను కూడగట్టుకుని, ఆ మరుసటి ఏడాది గాని సొంత ఫోను తయారుచేయలేదు. 2014 జులైలో భారతదేశానికి వచ్చి, 2017 చివరికల్లా ఇక్కడి స్మార్ట్‌ఫోన్ల అమ్మకాలలో అగ్రస్థానం అందుకుంది. ధర తక్కువన్నది నిజమే, కాని ధర తక్కువ ఫోన్లు అప్పటికే చాలా ఉన్నాయి కదా.

మాస్టారు: అందరూ అందరినీ అనుకరించే చోట ఆవిష్కర్తకు మిగిలేది ఏమిటి? కోర్టు ఖర్చులు. 2011 ఏప్రిల్‌లో యాపిల్ సామ్‌సంగ్ మీద వేసిన దావాలో ఒక ముఖ్యాంశం, జాబితా చివరికి చేరినప్పుడు తెర రబ్బరులా సాగి వెనక్కి వచ్చే తీరు ఎవరిదన్నది. 2012 ఆగస్టులో జ్యూరీ సుమారు 105 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయిస్తే, అది పై కోర్టుల దాకా వెళ్లి తగ్గుతూ వచ్చి, 2018లో రాజీతో ముగిసింది. అంటే ఇంటర్‌ఫేస్ పోటీని నడపడమే కాదు, పోటీకి గోడలు కట్టే సాధనం కూడా అవుతుంది. రెండో గోడ అలవాటు. ఒక తీరు తెరకు వేళ్లు అలవాటుపడ్డాక మరోదానికి మారడానికి పట్టే శ్రమను అర్థశాస్త్రం మార్పిడి ఖర్చు అంటుంది. చదువు వచ్చినవాడు ఆ ఖర్చును ఒక పూటలో భరిస్తాడు, బొమ్మల స్థానాలు కంఠతా పట్టి వాడుకునేవారికి బొమ్మ చోటు మారితే ఫోనే పోయినట్లు. మూడో గోడ, తెర మీద మొదటి చోటు ఎవరిదన్నది. గూగుల్ తన యాప్‌లనూ వెతుకు పెట్టెనూ ఫోను మొదటి తెర మీద ముందే ఉంచాలని తయారీదారులకు పెట్టిన షరతుల మీదనే భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కొత్త తెర పోటీని తెస్తుందని చెప్పేవారు, ఆ తెరే పోటీని మింగిన సందర్భాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

డీలరు: ఆ గోడలను పగలగొట్టేది కూడా మళ్లీ ఇంటర్‌ఫేసేనండి, దానికి తెలుగే సాక్ష్యం. పాత టచ్ ఫోన్లలో తెలుగు సందేశం వస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనబడేవి. అక్షరాలు వచ్చినా వాటిని ఒకదానికొకటి అతికించే ఏర్పాటు లేక, డుంబ్రిగుడ అన్న ఊరిపేరు ‘డుంబ్‌రిగుడ’ అని పొల్లు విడిపోయి, వత్తు పక్కకు జరిగి కనబడేది. 2012లో ఆండ్రాయిడ్ మూలంలోనే తెలుగు చేరాక ఆ అవస్థ క్రమంగా తీరింది. 2015లో ఐఫోను తన సొంత తెలుగు కీబోర్డు తెచ్చింది. అదే ఐఫోనును 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు గుణింతం కూలదోసింది. ఒక ప్రత్యేకమైన సంకేతాల కూర్పుతో ఆ అక్షరం సందేశంలో వస్తే చాలు యాప్ మూతపడిపోయేది, ఫిబ్రవరి 19న యాపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. తెలుగువారిని లెక్కపెట్టక తప్పని స్థితి వచ్చిందనడానికి అంతకంటె రుజువు ఏం కావాలి? ఐఐటీ బాంబే పరిశోధకులు 2013లో తెచ్చిన స్వరచక్ర కీబోర్డును చూడండి. దానిలో ‘క’ మీద వేలు పెడితే దాని చుట్టూ చక్రంలా కా, కి, కీ, కు, కూ విచ్చుకుంటాయి, కావలసిన వైపు వేలిని జరిపితే ఆ అక్షరం పడుతుంది. బడిలో గుణింతం దిద్దిన పిల్లవాడికి వేరే శిక్షణ అక్కర లేదు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను విని తానే టైపు చేసే సౌకర్యం ఇచ్చింది. ఇవన్నీ పోటీలో పుట్టినవే.

మాస్టారు: కొన్ని పోటీలో పుట్టాయి, కొన్ని ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో పుట్టాయి, కొన్ని ఉత్తర్వుతో పుట్టాయి. తమరు చెప్పిన స్వరచక్ర ఒక ప్రభుత్వ విద్యాసంస్థ పని. భారతీయ భాషలను ముందుకు తెచ్చిన ఇండస్ ఓఎస్‌ను తీసుకోండి. ఇంగ్లిషు సందేశం మీద వేలిని పక్కకు జరిపితే అది స్థానిక భాషలోకి మారేది. 2015లో మైక్రోమాక్స్ ఫోన్లలో వచ్చి పేరు తెచ్చుకుంది, ఆ మైక్రోమాక్స్ చైనా కంపెనీల ధాటికి వెనుకబడగానే దాని వెలుగూ తగ్గింది. చౌక బటన్ ఫోను దాకా తెలుగు రావడానికి బలమైన కారణం భారత ప్రమాణాల సంస్థ 2016లో ఖరారు చేసిన ఐఎస్ 16333 మూడో భాగం. 22 షెడ్యూల్డు భాషల సందేశాలను ప్రతి ఫోనూ చూపగలగాలి, ఇంగ్లిషు, హిందీలతో పాటు కనీసం మరో భారతీయ భాషలో టైపు చేయనివ్వాలి అని దాని సారం. తెలుగుకు కోట్లాది కొనుగోలుదారులున్నా ఉత్తర్వు అవసరమైందంటే, కువికి, గదబకు ఏ పోటీ దిక్కు? ఆ 22 భాషలలో ఇవి లేవు. సవర భాషకు 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2012లో. యూనికోడ్ అంటే ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ కంప్యూటర్లు గుర్తించే సంఖ్యలు కేటాయించే ఉమ్మడి పట్టిక. పట్టికలో చోటు దొరికినంత మాత్రాన ఫోనులో కీబోర్డు దొరకదు.

డీలరు: లిపి లేకపోతే తెలుగు లిపి ఉంది కదండి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలకు తెలుగు లిపిలోనే వాచకాలు వేసింది. ఆ లిపికి ఫోనులో కీబోర్డు ఉంది గనుక కువిలో సందేశం రాయడానికి అడ్డేమీ లేదు. అసలు రాయవలసిన పనే తగ్గిపోయింది. 2013 ఆగస్టులో వాట్సాప్ తెచ్చిన వాయిస్ మెసేజ్‌ను గమనించండి. మైకు బొమ్మ మీద బొటనవేలు ఉంచాలి, మాట్లాడాలి, వేలు తీస్తే మాట వెళ్లిపోతుంది. ఆ మాట ఏ భాషదని ఫోను అడగదు, ఏ పట్టికలో ఉందని చూడదు. విశాఖపట్నంలో కూలికి వెళ్లిన కొడుకుకు ముంచింగిపుట్టు నుంచి తల్లి గదబలో చెప్పిన కబురు అక్షరం పొల్లుపోకుండా చేరుతుంది. సంతలో చూసినా అంతే. కొన్నవాడు క్యూఆర్ కోడ్, అంటే ఖాతా వివరాలను నలుపు తెలుపు గళ్లలో దాచిన చతురస్రపు గుర్తు, ఫోను కెమెరాకు చూపి డబ్బు పంపుతాడు. ఆ డబ్బు పడిందో లేదో చదివి తెలుసుకోనక్కర లేకుండా దుకాణం మీది సౌండ్ బాక్స్ ఎంత వచ్చిందో తెలుగులో పైకి చెబుతుంది. పేటీఎం ఆ పెట్టెను తెస్తే ఫోన్‌పే మొదలైనవారూ తేక తప్పలేదు. చప్పుడుతో నడిచిన పోటీ అది. తెర కూడా అక్కర లేని ఇంటర్‌ఫేస్ అది.

మాస్టారు: ఈ ఒక్క మాట దగ్గర తమరితో ఏకీభవించక తప్పదు, అయితే సగం వరకే. మాటను మోయడం వేరు, మాటను అర్థం చేసుకుని పని చేసిపెట్టడం వేరు. వాయిస్ మెసేజ్ కువి మాటను మోస్తుంది. పింఛను పడిందా అని కువిలో అడిగితే జవాబు చెప్పదు. సౌండ్ బాక్స్ చెప్పే తెలుగు అంకె వినేది వర్తకుడు. సంతకు మిరియాలు తెచ్చిన ముసలమ్మకు ఆ అంకె తన భాషలో వినిపించదు. ఇటువంటి పనులలో దారి చూపినవి ఎక్కువగా లాభాపేక్ష లేని ప్రయత్నాలే. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర, ఏ బటన్ ఫోను నుంచైనా ఒక నంబరుకు కాల్ చేసి గోండిలో తమ సమస్యను చెప్పుకునే, ఇతరులు చెప్పినవి వినే వేదికను ఏర్పరచింది. అక్కడ ఫోను తెరకు పనే లేదు. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే, బటన్ ఫోనులోనే మాట ద్వారా, మిస్డ్ కాల్ ద్వారా చెల్లింపులు చేసే వీలు కల్పించింది. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025లో ఆది వాణి అనే అనువాద సాధనాన్ని సంతాలీ, భీలీ, ముండారీ, గోండి భాషలతో ప్రయోగదశలో విడుదల చేసింది. వెనక్కి వెళితే, సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి శ్రమించి 1931లో వ్యాకరణ గ్రంథాన్నీ, 1938లో నిఘంటువునూ వెలువరించింది అమ్మకాలు లెక్కవేసుకుని కాదు. నేడు ఒక యంత్రానికి కువి నేర్పాలన్నా ముందు కావలసింది అటువంటి శ్రమే. మనుషులు మాట్లాడిన గంటల కొద్దీ ధ్వని, దాన్ని సరిచూసి రాసిన పాఠం. కొనేవారు కొద్దిమంది అయినప్పుడు ఆ ఖర్చు ఏ కంపెనీ పెడుతుంది?

డీలరు: మొదటి ఖర్చు ప్రభుత్వం పెట్టాలన్నది ఒప్పుకోవలసిందేనండి. కాని ప్రభుత్వం కూడా చివరికి జనం చేతికి అలవాటైన తెర వెంటనే నడుస్తుందన్నది మరవకూడదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరిట 161 సేవలను ప్రారంభించినప్పుడు కొత్త యాప్ జోలికి పోకుండా, అప్పటికే అందరి ఫోన్లలో ఉన్న వాట్సాప్ సంభాషణనే వేదికగా ఎంచుకుంది. కార్యాలయానికి వెళ్లి వరుసలో నిలబడే బదులు తెలిసిన మనిషితో మాట్లాడినట్లే అడిగి పని చేయించుకోవచ్చన్నది ఆ ఎంపిక వెనుక ఉన్న ఊహ. ఏ తెర జనానికి సులువో తేల్చింది మాత్రం మార్కెట్టే. రేపు ఒక కంపెనీ ఫోను ఆదివాసీ ఒడియాలో అడిగితే పలికిందనుకోండి, ఈ కొండల మీద మిగిలిన కంపెనీల ఫోన్లు అమ్మడం ఏ డీలరు తరమూ కాదు.

మాస్టారు: ఆ మాట నిజం కావాలనే కోరిక. అయితే అది జోస్యం, చరిత్ర కాదు. ఇప్పటిదాకా జరిగినదాని ప్రకారం, చదువూ డబ్బూ ఉన్నవారి తెరలు పోటీ వల్ల మెరుగుపడ్డాయి, లేనివారి తెరలు ఉత్తర్వుల వల్లా, ఉచిత సాఫ్ట్‌వేరు వల్లా, కొందరి పట్టుదల వల్లా మెరుగుపడ్డాయి.

ఈ సంవాదంలో రెండు పక్షాలకూ కొంత గెలుపు, కొంత ఓటమి ఉన్నాయి. ధర, సిగ్నల్ అనే రెండు గడపలు దాటాక, ఒకే ధరలో దొరికే ఫోన్ల మధ్య ఎంపికను తెర తీరే నిర్ణయిస్తుందని, ఓడిన కంపెనీల మంచి పద్ధతులు కూడా గెలిచినవారి ఫోన్లలో బతికి వాడుకదారుకు మేలు చేస్తాయని డీలరు వాదం నిలబెట్టింది. ఆ గడపలు దాటించే శక్తి తెరకు లేదని, కొనుగోలుదారులు తక్కువగా ఉన్న భాష దగ్గర ఆ పోటీ ఆగిపోతుందని, అలవాటునూ మొదటి తెరనూ చేజిక్కించుకున్నవాడు పోటీనే అణచగలడని మాస్టారి వాదం నిలబెట్టింది. రెంటినీ కలిపి చూస్తే తేలే తీర్పు ఇది: ఇంటర్‌ఫేస్ ఆవిష్కరణ పోటీని నడుపుతుంది, కాని మార్కెట్టు ఎవరిని కొనుగోలుదారుగా లెక్కిస్తుందో వారి వరకే నడుపుతుంది.

ఆ లెక్కను మార్చగల పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. 2022 డిసెంబరులో రాష్ట్రంలోని ఎనిమిదో తరగతి విద్యార్థులకూ వారి ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచిన ప్రభుత్వానికి, కంపెనీలకు షరతు పెట్టే బలం ఉంది. ఇకముందు మన్యం కోసం ఫోన్లు, ట్యాబ్‌లు, యాప్‌లు కొనేటప్పుడు టెండరులో రెండు షరతులు చేర్చాలి: చదవడం రానివారు ఇతరుల సాయం లేకుండా ముఖ్యమైన పనులు చేసుకోగలగాలి, కువి, ఆదివాసీ ఒడియా వంటి కనీసం ఒకటి రెండు స్థానిక భాషలలో మాట వినిపించాలి. ఆ భాషల ధ్వనులనూ పాఠాలనూ సేకరించే పని పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, విశ్వవిద్యాలయాలు ఆ భాషలవారికే అప్పగించి, తగిన వేతనం ఇచ్చి, వచ్చిన సంపదను ఏ కంపెనీ అయినా వాడుకునేలా బహిరంగంగా ఉంచాలి. అప్పుడు డీలరు ఆశించిన పోటీ కొండ మీద కూడా మొదలవుతుంది.